విజువల్ గేమ్ టూల్‌లో బగ్ దొరికిందా? డెవలపర్లు పట్టించుకునేలా ఫీడ్‌బ్యాక్ రాసే పద్ధతి

“రిపోర్ట్ పెట్టి నెల దాటింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు.” బ్రౌజర్‌లో బ్లాకులు, ఈవెంట్లు (“ఇది జరిగితే అది చేయి” అనే నియమాలు) పేర్చుకుని గేమ్‌లు చేసేవాళ్లు నాతో ఎక్కువగా అనేమాట ఇది. ఆ రిపోర్ట్ ఓసారి చూపించమని అడిగితే, చాలాసార్లు అందులో ఒక్క వాక్యమే ఉంటుంది: “కొత్త వెర్షన్ వచ్చినప్పటి నుంచి నా గేమ్ సరిగ్గా ఆడటం లేదు.”

టూల్ తయారుచేసేవాళ్ల దగ్గర మీ గేమ్ ఉండదు, మీ కంప్యూటరూ ఉండదు. మీరు చూసిన సమస్య వాళ్ల స్క్రీన్ మీద వాళ్లకు కనబడితేనే చెయ్యి పెట్టగలరు. కింద చెప్పే పనులన్నీ అందుకే. కన్‌స్ట్రక్ట్ 3 వాడినా, జీడెవలప్ వాడినా, స్క్రాచ్ వాడినా పద్ధతిలో పెద్ద తేడా లేదు.

1. ముందు ప్రాజెక్ట్‌కు కాపీ తీసుకోండి

బగ్ వెతికే హడావిడిలో అసలు గేమ్‌నే పాడుచేసుకున్నవాళ్లు ఉన్నారు. నేనూ ఒకసారి ఆ పని చేశాను. ఏది తీసేస్తే బాగవుతుందో చూద్దామని ఒక్కో ఈవెంటూ తొలగిస్తూ పోయి, అలవాటు కొద్దీ సేవ్ నొక్కేశాను. సాయంత్రమంతా మళ్లీ ఈవెంట్లు పేర్చుకోవడంతోనే సరిపోయింది.

బ్రౌజర్ టూల్స్‌తో ఇంకో చిక్కుంది. ప్రాజెక్ట్ బ్రౌజర్ సొంత నిల్వలో ఉంటే దాన్ని పదిలంగా ఉన్నట్టు లెక్కవేయకండి. సైట్ డేటా తుడిచేస్తే అదీ పోతుంది. ఇన్‌కాగ్నిటో విండో మూస్తే పోతుంది. సఫారీ అయితే, మీరు 7 రోజులపాటు బ్రౌజర్ వాడుతూ కూడా ఆ సైట్ ముట్టుకోకపోతే, స్క్రిప్టులు దాచిన డేటాను తనంతట తానే తీసేస్తుంది.

- ప్రాజెక్ట్‌ను ఫైల్‌గా డౌన్‌లోడ్ చేసుకోండి.
- పేరు చివర తేదీ, “బగ్” అని చేర్చి ఇంకో కాపీ చేయండి.
- ఇకపై ఆ రెండో కాపీలోనే పనిచేయండి.

2. చెప్పాలనుకున్నది ఏ రకమో తేల్చుకోండి

బగ్ అంటే టూల్ తాను చెప్పినట్టు చేయకపోవడం. లేని సౌకర్యం కావాలనుకుంటే అది ఫీచర్ రిక్వెస్ట్. మూడోది ఒకటుంది, దీన్ని దాదాపు ఎవరూ రాయరు: సౌకర్యం ఉంటుంది గానీ మనకు దొరకదు. “లేయర్ లాక్ చేసే బటన్ కోసం ఇరవై నిమిషాలు వెతికాను, చివరికి రైట్ క్లిక్ మెనూలో కనిపించింది” అన్న మాట ఎడిటర్ డిజైన్ చేసేవాళ్లకు బంగారం. వాళ్లు రోజూ ఆ మెనూలోనే తిరుగుతారు కాబట్టి కొత్తవాళ్ల అయోమయం వాళ్లకు ఎప్పటికీ కనిపించదు. సిగ్గుపడకుండా రాయండి.

సేవ్ చేసిన పని మాయమవడం వీటన్నిటికంటే అత్యవసరం. అలా జరిగితే మిగతా మెట్లు పక్కన పెట్టి వెంటనే చెప్పండి.

ఒక రిపోర్టులో ఒక్క విషయమే ఉండాలి. ఐదు కలిపి రాస్తే, నాలుగు సరైనా ఆ రిపోర్ట్ మూతపడదు. చివరికి ఎవరూ దాని జోలికి పోరు.

3. తప్పు టూల్‌దేనా?

అనుమానితులు నలుగురు: మీ ఈవెంట్లు, మీ బ్రౌజర్, మీ కంప్యూటర్, చివరగా టూల్. టూల్‌ను వేలెత్తి చూపేముందు మిగతా ముగ్గురినీ విచారించాలి. తేలికైనవాటితో మొదలుపెట్టి ఇలా వెళ్లండి:

1. టూల్ తెరిచి ఉన్న ట్యాబులన్నీ మూసి మళ్లీ తెరవండి. ఇలాంటి టూల్స్ చాలావరకు ఆఫ్‌లైన్‌లో పనిచేయడానికి తమ ఫైళ్లను బ్రౌజర్‌లో దాచుకుంటాయి. ఒక్క ట్యాబ్ తెరిచి ఉన్నా పాత వెర్షనే నడుస్తూ ఉండొచ్చు.
2. ఇన్‌కాగ్నిటో విండోలో ప్రయత్నించండి. అక్కడ సమస్య రాకపోతే బ్రౌజర్‌లోని ఏదో ఎక్స్‌టెన్షన్ వేలు పెడుతోందనుకోవచ్చు. యాడ్ బ్లాకర్లు, పేజీని నల్లగా మార్చేవి, అనువదించేవి మొదటి ముద్దాయిలు.
3. ఇంకో బ్రౌజర్‌లో చూడండి. క్రోమ్, ఎడ్జ్ రెండూ లోపల ఒకే ఇంజిన్ మీద నడుస్తాయి కాబట్టి ఆ రెంటినీ పోల్చి లాభం లేదు. క్రోమ్‌లో వస్తే ఫైర్‌ఫాక్స్‌లో చూడండి.
4. బయటివాళ్లు రాసిన యాడ్-ఆన్‌లు, ఎక్స్‌టెన్షన్లు ప్రాజెక్ట్ నుంచి తీసేసి చూడండి. అవి ఉన్న ప్రాజెక్టుల మీద వచ్చే రిపోర్టులను కన్‌స్ట్రక్ట్ టీమ్ అసలు తీసుకోదు.
5. వీలైతే ఇంకో కంప్యూటర్‌లో తెరవండి.

బగ్‌లా కనిపించి బగ్ కానివి కొన్ని ఉన్నాయి. ఇవి తెలిస్తే సగం రిపోర్టులు రాయాల్సిన పనే పడదు.

గేమ్ ఒక కంప్యూటర్‌లో మామూలుగా, ఇంకోదాంట్లో వేగంగా ఆడటం. బ్రౌజర్ గేమ్ సాధారణంగా స్క్రీన్ రిఫ్రెష్ రేటును (సెకనుకు ఎన్నిసార్లు స్క్రీన్ కొత్త బొమ్మ, అంటే ఫ్రేము, చూపిస్తుందో) బట్టి నడుస్తుంది. ప్రతి ఫ్రేముకు 5 పిక్సెళ్లు జరగమని మీరు ఈవెంట్ రాస్తే, 60 హెర్ట్జ్ స్క్రీన్ మీద సెకనుకు 300 పిక్సెళ్లు జరుగుతుంది. 144 హెర్ట్జ్ స్క్రీన్ మీద అదే బొమ్మ 720 పిక్సెళ్లు పరుగెత్తుతుంది. వేగాన్ని డెల్టా టైమ్‌తో (గత ఫ్రేము నుంచి గడిచిన సమయం) గుణించాలి, లేదంటే టూల్ సిద్ధంగా ఇచ్చే కదలిక బిహేవియర్‌ను వాడాలి.

మొదట సౌండ్ రాకపోవడం. ఆడేవాళ్లు ఒకసారి క్లిక్ చేసేదాకా, తాకేదాకా, బ్రౌజర్లు సాధారణంగా పేజీని శబ్దం చేయనివ్వవు. “ఆడటానికి నొక్కండి” అనే స్క్రీన్ ముందు పెడితే సరి.

ఇంకో ట్యాబ్‌కు వెళ్తే గేమ్ ఆగిపోవడం. కనబడని ట్యాబులకు బ్రౌజర్ ఫ్రేములు ఇవ్వదు. అది దాని విధానం.

స్క్రాచ్‌లో కొత్త క్లోన్లు (ఆడుతుండగా పుట్టే బొమ్మల నకళ్లు) పుట్టకపోవడం. ఒక ప్రాజెక్టులో 300 క్లోన్ల పరిమితి ఉంది. పాతవాటిని తొలగించుకుంటూ పోవాలి.

ఒక నాణేనికి రెండు పాయింట్లు రావడం. “తగులుతోందా” అనే షరతు తగిలినంతసేపూ ప్రతి ఫ్రేములోనూ నిజమే. నాణెం మాయమయ్యే యానిమేషన్ నడుస్తుంటే స్కోరు పెరుగుతూనే ఉంటుంది. ఒక్కసారే జరగాలనే షరతు చేర్చండి.

4. కొండను తవ్వి ఎలుకను పట్టండి

ఈ సామెతను ఎగతాళికి వాడతాం గానీ, ఇక్కడ మన పని సరిగ్గా అదే. డెవలపర్‌కు కావాల్సింది ఎలుక. కొండను జిప్ చేసి పంపితే దాన్ని తవ్వే తీరిక వాళ్లకు ఉండదు. ఈ మెట్టు దాటేసి మిగతావన్నీ పద్ధతిగా చేసినా పెద్దగా ఫలితం ఉండదని నా అనుభవం.

ఒక ప్లాట్‌ఫార్మర్ చేస్తున్నప్పుడు నాకు ఎదురైంది చెబుతాను. గేమ్‌లో తాళంచెవి తీసుకుని తలుపు దగ్గరికి వెళ్తే తలుపు పైకి లేవాలి. మామూలుగా లేచేది. ఒక్కోసారి, చచ్చి మళ్లీ మొదలుపెట్టాక, తాళంచెవి ఉన్నా లేచేది కాదు. “రీస్టార్ట్ చేశాక తాళంచెవి పనిచేయడం లేదు” అని రిపోర్ట్ రాయబోయాను కూడా. ప్రాజెక్టులో 214 ఈవెంట్లున్నాయి.

కాపీ తెరిచి, శత్రువులు, స్కోరు, సంగీతం గ్రూపులన్నీ ఒకేసారి డిసేబుల్ చేశాను. సమస్య అలాగే ఉంది. అంటే వాటికీ దీనికీ సంబంధం లేదు, తొలగించేశాను. వెనకాల కదిలే కొండలు, మబ్బులు తీశాను. ఉంది. ముళ్లు తీసేస్తే చావడం కుదరదు కదా! అందుకని ఆర్ మీట నొక్కితే సీన్ మళ్లీ మొదలయ్యేలా ఒక ఈవెంట్ పెట్టి ముళ్లు తీశాను. ఉంది. తాళంచెవి బదులు స్పేస్ నొక్కితే తలుపు లేచేలా మార్చాను. ఇంకా ఉంది. నేను నేరం మోపిన తాళంచెవి అక్కడితో నిర్దోషిగా బయటపడింది.

మిగిలింది ఒక తలుపు, రెండు ఈవెంట్లు. తలుపును ఒక సెకనులో మెల్లగా లేపడానికి ట్వీన్ (ఒక స్థానం నుంచి ఇంకోదానికి క్రమంగా జరిపే సౌకర్యం) వాడాను. ట్వీన్ తీసి నేరుగా స్థానం మార్చితే సమస్య మాయం. ట్వీన్ తిరిగి పెడితే ప్రత్యక్షం. కాసేపు స్పేస్, ఆర్ మార్చిమార్చి నొక్కితే “ఒక్కోసారి” అన్నదాని గుట్టు కూడా తెలిసింది: తలుపు లేస్తున్న ఆ సెకను పూర్తికాకముందే సీన్ రీస్టార్ట్ అయితేనే తర్వాతి ట్వీన్ మొదలవడం లేదు.

ఇదంతా నలభై నిమిషాల పని. పద్ధతి ఇలా:

1. సగం తీయండి, ఆడి చూడండి. సమస్య ఉంటే ఆ సగాన్ని మర్చిపోండి. పోతే తిరిగి పెట్టి మిగతా సగం తీయండి.
2. చేరుకోవడానికి టైమ్ పట్టే సందర్భాన్ని ఒక మీటకు కట్టండి. మూడో లెవెల్‌దాకా ఆడితేనే కనిపించే బగ్‌ను ఎవరూ చూడరు.
3. బొమ్మల బదులు రంగు డబ్బాలు పెట్టండి. ఫైల్ చిన్నదవుతుంది, ఇంకో లాభమూ ఉంది: కన్‌స్ట్రక్ట్ సీ3పీ ఫైలైనా, స్క్రాచ్ ఎస్‌బీ3 ఫైలైనా లోపల జిప్పే. అందులోని బొమ్మలు, పాటలు ఎవరైనా బయటికి తీయవచ్చు. డబ్బు పెట్టి కొన్నవి అందరికీ కనిపించే చోట పెట్టడం మంచిది కాదు.
4. చివర్లో ఖాళీ ప్రాజెక్ట్ తెరిచి, మిగిలిన ఆ రెండు మూడు ఈవెంట్లనే కొత్తగా రాయండి. అక్కడా వస్తే ఇక అనుమానం లేదు. రాకపోతే మీ పాత ప్రాజెక్ట్ సెట్టింగుల్లో ఏదో ఉన్నట్టు; రెంటినీ పక్కపక్కన పెట్టి పోల్చండి.

తగ్గించే క్రమంలో తప్పు మీ ఈవెంట్లదేనని తేలడం మామూలే. రిపోర్ట్ మానేసి గేమ్ సరిచేసుకోండి, నష్టమేమీ లేదు.

5. ఏ వెర్షన్‌లో మొదలైందో పట్టుకోండి

“నిన్నటిదాకా బాగానే ఉంది” అన్నది నిజమైతే, దాన్ని నిరూపించగలిగితే, డెవలపర్ పని సగం తగ్గుతుంది. కన్‌స్ట్రక్ట్ 3లో పాత రిలీజులను నంబరుతో విడిగా తెరవవచ్చు. బాగున్న రిలీజ్ ఒకటి, పాడైన రిలీజ్ ఒకటి తెలిస్తే, మధ్యలోది తెరిచి చూడండి. ప్రతిసారీ సగం తగ్గుతుంది కాబట్టి వంద రిలీజుల తేడా ఉన్నా ఏడు ప్రయత్నాల్లో దొరికిపోతుంది. కొత్తదాంట్లో సేవ్ చేసిన ఫైలును పాతది తెరవదు కాబట్టి, ఆ చిన్న ప్రాజెక్టును పాత రిలీజులోనే తయారుచేసి పెట్టుకోండి.

6. ఆధారాలు సేకరించండి

- టూల్ వెర్షన్ నంబరు. “లేటెస్ట్” అని రాయకండి, వారానికే ఆ మాటకు అర్థం మారిపోతుంది.
- బ్రౌజర్ పేరు, వెర్షన్. ఆపరేటింగ్ సిస్టమ్ వెర్షన్.
- కన్సోల్‌లో (బ్రౌజర్ ఎర్రర్లు చూపించే చోటు) వచ్చిన ఎర్రటి సందేశం. ఎఫ్12 నొక్కి కన్సోల్ ట్యాబ్‌లో చూడండి. అక్షరాలుగా కాపీ చేయండి. స్క్రీన్‌షాట్‌లో వెతకడం కుదరదు. ప్రివ్యూ వేరే విండోలో తెరుచుకుంటే ఆ విండోలోనూ ఎఫ్12 నొక్కాలి, ఎడిటర్ కన్సోల్‌లో అది కనబడదు.
- బొమ్మలు తప్పుగా గీస్తుంటే, మినుకుమినుకుమంటుంటే గ్రాఫిక్స్ కార్డు వివరాలు. క్రోమ్‌లో జీపీయూ పేజీ, ఫైర్‌ఫాక్స్‌లో ట్రబుల్‌షూటింగ్ పేజీ చూపిస్తాయి.
- కదలికలో తేడా అయితే పది సెకన్ల వీడియో. మీటలు నొక్కడం కూడా తెలిసేలా తీస్తే ఇంకా మంచిది.

ఎఫ్12 నొక్కితే కనిపించే నెట్‌వర్క్ ట్యాబ్ నుంచి హెచ్ఏఆర్ ఫైల్ (పేజీ ఇంటర్నెట్‌తో మాట్లాడినదంతా ఉండే రికార్డు) పంపమని ఎవరైనా అడిగితే ఆలోచించి పంపండి. అందులో మీ లాగిన్ కుకీలు, టోకెన్లు ఉండే అవకాశం ఉంది. అందరూ చూసే చోట అసలు పెట్టకండి.

7. “స్లోగా ఉంది” అని మాత్రం రాయకండి

స్లో అంటే ఎడిటరా, ప్రివ్యూనా, ఎక్స్‌పోర్ట్ చేసిన గేమా? ఈ మూడింటికీ కారణాలు వేరు. ఎడిటర్ అయితే ఏ పని చేస్తే ఎన్ని సెకన్లు ఆగుతోందో, ప్రాజెక్టులో ఎన్ని ఈవెంట్లున్నాయో రాయండి.

ప్రివ్యూ అయితే అంకె కావాలి. సెకనుకు 60 ఫ్రేములు రావాలంటే ఒక్కో ఫ్రేముకు దొరికే సమయం 16.7 మిల్లీసెకన్లు. అందులో ఎక్కువ ఎవరు తింటున్నారో జీడెవలప్, కన్‌స్ట్రక్ట్ డీబగ్గర్లలోని ప్రొఫైలర్ చూపిస్తుంది.

పంపేముందు రెండు విషయాలు చూసుకోండి. బ్రౌజర్ సెట్టింగుల్లో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ ఆగి ఉంటే గ్రాఫిక్స్ పనంతా ప్రాసెసర్ మీద పడుతుంది. చిన్న గేమైనా నత్తనడక నడవొచ్చు. రెండోది బొమ్మల సైజు. 4096×4096 పిక్సెళ్ల బొమ్మ ఫైలుగా కొన్ని వందల కేబీలే ఉండొచ్చు, మెమరీలోకి విప్పితే 64 ఎంబీ. అలాంటివి పది పెట్టి ఫోన్‌లో గేమ్ కూలిపోతోందని టూల్‌ను తిట్టడం న్యాయం కాదు.

8. ఇప్పుడు రాయండి

నేను పంపబోయి ఆగింది:

> రీస్టార్ట్ చేశాక తాళంచెవి పనిచేయడం లేదు. ఒక్కోసారి వస్తోంది. చాలా ముఖ్యమైన ప్రాజెక్ట్, దయచేసి త్వరగా చూడండి.

చివరికి పంపింది:

> శీర్షిక: ట్వీన్ నడుస్తుండగా సీన్ రీస్టార్ట్ చేస్తే, అదే ఆబ్జెక్ట్ మీద తర్వాతి ట్వీన్ మొదలవడం లేదు
>
> జతచేసినది: ఒక సీన్, ఒక ఆబ్జెక్ట్, రెండు ఈవెంట్లున్న ప్రాజెక్ట్
>
> దశలు:
> 1. ప్రివ్యూ తెరవండి.
> 2. స్పేస్ నొక్కండి. డబ్బా 1 సెకను ట్వీన్‌తో పైకి లేవడం మొదలవుతుంది.
> 3. ఆ సెకను పూర్తికాకముందే ఆర్ నొక్కండి. సీన్ రీస్టార్ట్ అవుతుంది.
> 4. మళ్లీ స్పేస్ నొక్కండి.
>
> జరగాల్సింది: డబ్బా మళ్లీ పైకి లేవాలి.
> జరుగుతున్నది: డబ్బా కదలదు. కన్సోల్‌లో ఎర్రర్ ఏమీ లేదు.
> ఎన్నిసార్లు: 10కి 10. ట్వీన్ పూర్తయ్యాక ఆర్ నొక్కితే సమస్య రాదు.
> ఎక్కడ: టూల్ వెర్షన్, రెండు బ్రౌజర్ల వెర్షన్లు, ఆపరేటింగ్ సిస్టమ్

రెండోదాంట్లో నా గేమ్ ఊసే లేదని గమనించారా? తలుపు, తాళంచెవి, ముళ్లు, అన్నీ పోయాయి. శీర్షిక చూస్తేనే ట్వీన్ కోడ్ రాసినవాళ్లకు అది తమ పనని అర్థమవుతుంది.

కారణం ఊహించి చెప్పాలనిపిస్తే చివర్లో విడిగా, ఊహేనని రాయండి. దశల మధ్యలో ఇరికించకండి. “దయచేసి త్వరగా” వల్ల త్వరగా అయిన పని నేను చూడలేదు.

9. ఫీచర్ అడిగేటప్పుడు

“ఇన్వెంటరీ సిస్టమ్ పెట్టండి” అని అడిగితే ఎవరి ఇన్వెంటరీ, ఎలాంటిది అన్న ప్రశ్నలు మొదలవుతాయి. మీకు కావాల్సిన పరిష్కారం కంటే ముందు మీరు పడుతున్న అవస్థ చెప్పండి: “ఒక బటన్‌ను పన్నెండు సీన్లలో వాడుతున్నాను. రంగు మార్చాలంటే పన్నెండు చోట్లా మార్చాలి.” టూల్‌లో ఇప్పటికే దానికో దారి ఉండొచ్చు, మీకు తెలియకపోయి ఉండొచ్చు. అది చెప్పినా మీ పని జరిగినట్టే.

ఇవి రాయండి:

- ఏం చేయబోతే ఎక్కడ ఇరుక్కున్నారు.
- ప్రస్తుతం ఎలా నెట్టుకొస్తున్నారు, దానికి ఎన్ని ఈవెంట్లు ఖర్చవుతున్నాయి.
- ఇంకెలాంటి గేమ్‌లకు పనికొస్తుంది.
- పాత ప్రాజెక్టుల మీద ప్రభావం పడుతుందా.

ఆఖరిదాన్ని చాలామంది వదిలేస్తారు. ఇప్పుడున్న బిహేవియర్‌ను “మెరుగుపరచమని” అడిగితే, దాని పాత నడక మీద ఆధారపడిన గేమ్‌లన్నీ ఏమవుతాయోనని డెవలపర్ భయపడతారు. “కొత్త ఆప్షన్‌గా, మొదట ఆఫ్‌లో ఉండేలా” అని మీరే సూచిస్తే ఆ భయం తగ్గుతుంది.

10. పంపే ముందు చూసుకోవాల్సినవి

- ఇదే సమస్య ఇంతకుముందు ఎవరైనా రాశారా? రెండు మూడు రకాల మాటలతో వెతకండి. దొరికితే అక్కడే మీ చిన్న ప్రాజెక్ట్ జతచేయండి. “నాకూ” అని ఒక్కమాట రాస్తే లాభం లేదు.
- సరైన చోటికే పంపుతున్నారా? కన్‌స్ట్రక్ట్, జీడెవలప్ రెండూ బగ్‌లను గిట్‌హబ్ సైట్‌లో తీసుకుంటాయి.
- మీ దశలు పక్కనున్నవాళ్లెవరైనా మిమ్మల్ని ఏమీ అడగకుండా చేయగలిగారా? ఇంతకు మించిన పరీక్ష లేదు.
- ప్రాజెక్ట్ ఫైలులో పాస్‌వర్డులు, సర్వర్ కీలు ఏమైనా మిగిలాయా?
- ఫైల్ డౌన్‌లోడ్ అవుతోందా? లింక్ ఇస్తే, లాగిన్ కాని విండోలో తెరిచి చూడండి.

11. పంపాక

అదనపు సమాచారం అడిగితే ఆలస్యం చేయకండి. జవాబు రాని రిపోర్టులను కొంతకాలానికి మూసేస్తారు. “మా దగ్గర రావడం లేదు” అంటే కోపం తెచ్చుకోకండి; మూడో మెట్టులోని తేడాలను మళ్లీ చూడండి. మీ స్క్రీన్ 144 హెర్ట్జ్, వాళ్లది 60 అయి ఉండొచ్చు. “ఇది బగ్ కాదు, ఇలాగే ఉండాలి” అంటే, డాక్యుమెంటేషన్‌లో ఆ ముక్క చేర్చమని అడగండి. అది దాదాపు ఎప్పుడూ ఒప్పుకుంటారు.

సరిచేశామని కబురొస్తే బీటాలో (అందరికీ ఇచ్చేముందు విడుదలయ్యే పరీక్ష వెర్షన్) ఆ చిన్న ప్రాజెక్టునే తెరిచి, అవే దశలు చేసి చూసి, ఫలితం రాయండి. బీటాలో అసలు గేమ్ తెరవాలనుకుంటే కాపీనే తెరవండి.

ఒక్క పని మిగులుతుంది. బగ్ ఉన్నన్నాళ్లూ గేమ్ ఆగకూడదని ఏదో అడ్డదారి పెట్టి ఉంటారు. నేను రీస్టార్ట్‌కు ముందు ఒక సెకను ఆగమని ఈవెంట్ పెట్టాను. ట్వీన్ సరయ్యాక కూడా అది అక్కడే ఉండిపోయింది. ఆటగాడు చచ్చిన ప్రతిసారీ గేమ్ ఒక సెకను బిగుసుకుపోతోందని మళ్లీ ఇంకో బగ్ రిపోర్ట్ రాయడానికి కూర్చున్నాను. ఇప్పుడు అడ్డదారి ఈవెంట్ పెట్టినప్పుడల్లా పైన ఒక కామెంట్ పెడుతున్నాను: “ఫలానా బగ్ కోసం. సరయ్యాక తీసేయాలి.” పక్కనే రిపోర్ట్ నంబరు.